నిమిషానికి ముప్పై ఎనిమిది

షుగరు అంచు మీద ఉందనీ, రోజూ నడవాలనీ డాక్టరు చెప్పిన వారానికి బైండరమ్మ చేతికి పట్టీ వచ్చింది. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే కూతురు దాన్ని తెచ్చి, తనే తల్లి మణికట్టుకు బిగించింది. ఎన్ని అడుగులు వేసిందీ, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందీ, ఎంతసేపు నిద్రపోయిందీ అన్నీ ఇదే చెబుతుందంది.

"నేను పడుకున్నానో లేదో నాకు తెలీదా?" అంది తల్లి.

"తెలుసనే అనుకుంటావు. చూద్దువుగాని."

అచ్చాఫీసులో ఆమె అసలు పేరు ఎవరూ వాడరు. ఇరవై రెండేళ్లుగా అక్కడ అచ్చయి వచ్చిన కాగితాల ఫారాలు మడుస్తోంది, కుడుతోంది, పుస్తకాల వీపులకు జిగురు పూస్తోంది. అందరికీ బైండరమ్మే.

మొదటి రెండు వారాలు పట్టీ మంచే చేసింది. రెండు స్టాపుల ముందే బస్సు దిగి నడిచేది. లిఫ్టు మానేసి మెట్లెక్కేది. సాయంత్రానికి పదివేల అడుగులు పూర్తయితే పట్టీ సన్నగా వణికేది. ఆ వణుకు కోసం చిన్నపిల్లలా ఎదురుచూసేది. మోకాళ్ల బిగువు తగ్గింది. ఆకలి బాగా వేసేది.

ఆ తర్వాతే మనసు ఒకచోట నిలవడం మానేసింది. పొద్దున ముఖం కడుక్కోకముందే ఫోనులో నిద్ర మార్కులు చూసుకునేది. హాయిగా పడుకున్నాననుకున్న రోజున నూటికి నలభై మూడు వచ్చాయి. అంతవరకూ బాగున్న ఒళ్లు ఆ అంకె చూశాక నొప్పులు మొదలెట్టింది. మర్నాడు మంచి మార్కులు రావాలని పెందలాడే మంచమెక్కితే, ఆ మార్కుల దిగులుతోనే నిద్ర పట్టేది కాదు.

పని దగ్గర ఇంకో బాధ. గంటకోసారి లేచి తిరగమని పట్టీ వణికేది. జిగురు ఆరేలోగా అట్ట అంటించాలి. ఆమె సగంలో వదిలేసి వరండాలో అటూ ఇటూ తిరిగొచ్చేది. ఒకరోజు ఆ కంగారులో ముప్పై లెక్కల పుస్తకాలకు అట్టలు తలకిందులుగా వేసేసింది.

మేస్త్రీ ఒక పుస్తకం తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏంటమ్మా, పిల్లలు శీర్షాసనం వేసి చదవాలా?"

"లేవమందండీ ఇది."

"నేను కూర్చోమంటున్నాను. ఎవరి మాట వింటావో నువ్వే తేల్చుకో."

తిడితే బాగుండుననిపించింది ఆమెకు. తలొంచుకుని అట్టలు ఊడదీయడానికి కూర్చుంది. అప్పుడే ఇంకో సంగతి బయటపడింది. ఫారం మడిచి చెయ్యి లాగినప్పుడల్లా పట్టీ దాన్ని అడుగు కింద జమకడుతోంది. కుర్చీ దిగకుండానే మూడువేల అడుగులు నడిచేసింది. ఇన్నాళ్లూ నడిచాననుకున్నదాంట్లో నడకెంత, మడతెంత? ఆ అనుమానంతో అప్పటినుంచి పన్నెండువేలు, పదమూడువేలు నడవడం మొదలుపెట్టింది. ఇంట్లో కూరగాయలు తరుగుతూ కూడా ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూనే ఉండేది.

అన్నిటికన్నా గుండె అంకె ఆమెను ఎక్కువ పీడించింది. ఎనభై, తొంభై రెండు, నూట నాలుగు. చూసినకొద్దీ పెరిగేది. పెరిగిందని మళ్లీ చూసేది.

భర్త సిటీ బస్సు డ్రైవరు. "ఏమంటున్నారు అమ్మగారు?" అని పట్టీని చూపించి ఏడిపించేవాడు. ఈమధ్య ఆ వేళాకోళమూ తగ్గింది. డ్యూటీ నుంచి వచ్చి బూట్లయినా విప్పకుండా కుర్చీలో కూలబడేవాడు. అడిగితే వయసు అనేవాడు.

ఒక సెలవురోజు మధ్యాహ్నం ఊరికే కూర్చున్న బైండరమ్మకు పట్టీ మీద నూట పన్నెండు కనబడింది. అయితే ఇదైనా పాడై ఉండాలి, లేదంటే తనైనా పోతుండాలి.

"ఏమండీ, మీ చెయ్యి ఒకసారి ఇలా ఇవ్వండి."

అతను పేపరు మీంచి తల ఎత్తకుండానే చెయ్యి చాపాడు. పట్టీ కట్టింది. ముప్పై ఎనిమిది.

"హమ్మయ్య, పాడైంది," అంది, గుండెల మీద చెయ్యేసుకుని.

కూతురు వచ్చి పట్టీ సర్ది, గట్టిగా బిగించింది. ముప్పై ఏడు. కాసేపటికి ముప్పై తొమ్మిది.

"నాకు గుండె లేదని మీ అమ్మ ఎప్పుడో చెప్పింది," అని అతను పట్టీ విప్పబోయాడు.

బైండరమ్మ నవ్వలేదు. అతని మణికట్టు పట్టుకుని గోడ గడియారం వైపు చూస్తూ లెక్కపెట్టింది. అర నిమిషానికి పంతొమ్మిది. మళ్లీ లెక్కపెట్టినా పంతొమ్మిదే. తర్వాత తన చెయ్యి తానే పట్టుకుంది. అర నిమిషానికి యాభై ఆరు. పట్టీ ఇద్దరి విషయంలోనూ తప్పు చెప్పలేదు.

"ఈమధ్య మీకు కళ్లు తిరిగాయా?"

"ఎండకి ఎవరికైనా తిరుగుతాయి."

"ఎప్పుడు?"

అతను పేపరు మడిచాడు. "మొన్న సిగ్నలు దగ్గర. ఒక్క క్షణం. బస్సు ఆగే ఉంది."

"ఎంతమంది ఉన్నారు బస్సులో?"

అతను మడిచిన పేపరునే ఇంకో మడత పెట్టాడు. "నిండుగా ఉంది," అన్నాడు చివరికి.

మర్నాడు అతను యూనిఫాం వేసుకుని బయల్దేరేసరికి ఆమె తలుపుకు అడ్డంగా నిలబడింది.

"సెలవు పెట్టండి."

"ఆ బొమ్మ గడియారం చెప్పిందనా?"

"అది చెప్పిందని కాదు. నేను లెక్కపెట్టాను."

ఆమె గొంతు పెద్దదేమీ కాలేదు. కానీ పక్కకు జరగలేదు. అతను కూతురి వైపు చూశాడు. కూతురు అప్పటికే చెప్పులేసుకుని ఉంది.

ఆసుపత్రిలో గుండె పరీక్ష తీసిన కాగితం చూడగానే డాక్టరు మొహంలో నవ్వు పోయింది. గుండెలో పైగది పంపే కబురు కిందిగదికి సగమే చేరుతోందనీ, ఆ పని చూసుకునే చిన్న యంత్రాన్ని ఛాతీలో అమర్చాలనీ చెప్పింది. "ఇలా పెట్టుకుని బస్సు నడిపారా?" అంది.

బైండరమ్మ ఉండబట్టలేక తన చెయ్యి కూడా చాపింది. ఆమెకూ పరీక్ష తీశారు. "మీ గుండె శుభ్రంగా ఉంది. మీరే పొద్దస్తమానం దాన్ని కాపలా కాస్తున్నారు. అది హడలిపోతోంది," అంది డాక్టరు.

యంత్రం అమర్చారు. మూడు వారాలకు అతని మొహంలో రంగు తిరిగొచ్చింది. కానీ డిపోవాళ్లు స్టీరింగు ఇవ్వలేదు. బస్సులు వచ్చే వేళా పోయే వేళా రాసుకునే గదిలో కుర్చీ వేశారు. ఇరవై ఆరేళ్లు చక్రం తిప్పిన మనిషి. ఇంట్లో ముక్తసరిగా రెండు మాటలకు మించి మాట్లాడేవాడు కాదు.

"ఇంకో నాలుగేళ్లు నడిపేవాణ్ణి," అన్నాడొక సాయంత్రం. "నీ పట్టీ లేకపోతే."

ఆమెకు అనాల్సినవి చాలా తోచాయి. "కోపంగానైనా ఎదురుగా కూర్చున్నారు. నాకది చాలు," అని మాత్రం అని, వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది.

పట్టీని ఆమె పూర్తిగా మానలేదు. పొద్దున నడకకు కట్టుకుంటుంది, పనికి పోయేముందు తీసి బల్ల మీద పెడుతుంది. నిద్ర మార్కులు కనబడకుండా కూతురు ఏదో నొక్కేసింది. అయినా రోజులో నాలుగైదు సార్లు ఆమె చూపు ఖాళీ మణికట్టు మీదికి పోతూనే ఉంటుంది.

డాక్టరు నడవమందని ఇప్పుడు అతను కూడా వస్తున్నాడు. పక్కనుంచి బస్సు పోతే చాలు, నడక ఆగిపోతుంది. "వీడు క్లచ్చి మీంచి కాలు తియ్యడు. చూడు, మలుపులో ఆ ఊపేంటి," అని గొణుగుతాడు. ఎడమచెయ్యి గాల్లోనే గేరు మారుస్తుంది. ఆ బస్సు వీధి చివర తిరిగి కనబడకుండా పోయేదాకా చూస్తూనే ఉంటాడు. ఆమె తొందరపెట్టదు, పట్టీ వైపు చూడదు, పక్కనే నిలబడుతుంది.

"పద," అంటాడు కాసేపటికి.