పాలపొడి డబ్బాలో సూదులు

ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే పదకొండుమంది ఆడవాళ్ళు తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి టీకా వరసలో నిలబడితే, బల్ల దగ్గరి గుమాస్తా తలెత్తకుండానే వెనక్కి పొమ్మన్నాడు.

"మీ పేర్లు జాబితాలో లేవు. డాక్టర్లు, నర్సులు, ఆయాలు, ఊడ్చేవాళ్ళు. కామెర్లు అంటుకునే ప్రమాదం ఉన్నవాళ్ళకే ఈ టీకా."

"మాకు లేదా ప్రమాదం?" అని అడిగింది, లాండ్రీవాళ్ళందరికీ పెద్దదిక్కైన పెద్దక్కకు తోడికోడలు. వయసులో అందరికంటే చిన్నదే గాని, నోరు మాత్రం చిన్నది కాదు.

"మీరు రోగిని ముట్టుకోరుగా!"

"రోగిని ముట్టుకోం. రోగి కిందది ముట్టుకుంటాం. నెత్తురూ చీమూ అన్నీ మా చేతులమీదుగానే పోతాయి."

"సర్వే చేశారమ్మా. దుప్పట్లలో సూదులు రావని మీ గదివాళ్ళే చెప్పారు. ఇదిగో, వేలిముద్ర కూడా ఉంది."

పదిమందీ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పదకొండోది పెద్దక్క. ఆమె కాళ్ళ కింద గచ్చు చూస్తూ నిలబడింది. ఆ వేలిముద్ర ఆమెదే.

దాచడమెందుకు, జరిగింది చెబుతాను. వార్డుల నుంచి వచ్చిన దుప్పటిని నానబెట్టే ముందు ఇద్దరు చెరో కొసా పట్టుకుని దులపడం లాండ్రీలో అలవాటు. మడతల్లో ఎవరో మరిచిపోయిన సూదులు గచ్చుమీద పడతాయి. కాళ్ళకు గుచ్చుకోకుండా వాటిని ఏరి, కుళాయి కింద ఉన్న పాత పాలపొడి డబ్బాలో వేస్తారు. రాలిన సూది డబ్బాలోకి పోతుంది, రాలని సూది చేతిలో దిగుతుంది. దిగితే వేలు కడుక్కుని మళ్ళీ పనిలో పడాల్సిందే. నోరు విప్పితే జాగ్రత్త లేదంటూ కాంట్రాక్టరు మాన్పించేస్తాడు.

సర్వేకు ఆరోగ్య శాఖ అధికారి వచ్చిన రోజు, మిగతావాళ్ళు మేడమీద బట్టలు ఆరేస్తుంటే, కాంట్రాక్టరు పెద్దక్కను పక్కకు పిలిచాడు. "సూదులన్నావో, నా కాంట్రాక్టు పోతుంది. రేపు మీ బదులు బట్టలుతికే మిషన్లు దిగుతాయి. పదకొండు ఇళ్ళు నీ ఒక్క మాటమీద ఉన్నాయి, చూసుకో." పెద్దక్క హడలిపోయింది. డబ్బాను ఉతికిన దుప్పట్ల బుట్టలోకి తోసి, "మా నర్సమ్మలు చాలా జాగ్రత్తండీ" అంది. అడిగినచోట వేలు ఒత్తింది.

అక్కడితో ఆగినా బాగుండేది. టీకా వరసలోంచి వెనక్కి వచ్చిన ఆ మధ్యాహ్నమే కాంట్రాక్టరు, ఆమె నోరు విప్పకుండా ఉండాలని, వెనక గుమ్మంలోంచి తీసుకెళ్ళి, సెలవులో ఉన్న ఒక ఆయా పేరుమీద టీకా వేయించాడు. వద్దనలేదు మహాతల్లి. జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంది. దూదిముక్కను ఆ చేతికిందే దాచుకుని వచ్చి, తోడికోడలి ఎదురుగా దుప్పటి కొస పట్టుకుంది. ఆ సిగ్గు ఎలాంటిదో చెప్పడం నా తరం కాదు.

రెండు వారాలకు తోడికోడలి బొటనవేల్లో సూది దిగింది. మూడు నెలలకు కళ్ళు పచ్చబడ్డాయి. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. మంచం పక్కన కూర్చుని పెద్దక్క అన్నం కలిపి పెడుతుంటే, ఆ పిల్ల నీరసంగా అంది: "నువ్వు కూడా జాగ్రత్తక్కా. నీకూ టీకా లేదుగా."

ఆ పూట పెద్దక్కకు ముద్ద దిగలేదు.

మర్నాడు పొద్దున్నే తోడికోడలు కూడా గోడ పట్టుకుంటూ లాండ్రీకి వచ్చింది. పెద్దక్క డబ్బాను అందరి మధ్యా పెట్టి, "సూదులు రావని వేలిముద్ర వేసింది నేనే" అంది.

ఇంక చూడాలి! అందరిలోకీ గొంతు పెద్దదని గంటమ్మ అని పిలిచే ఆమె మీదికి వచ్చేసింది. "మా ప్రాణాలమీద వేశావే నీ వేలు! ముందు నిన్ను బయటికి గెంటాలి."

"గెంటుదువుగాని," అంది తోడికోడలు. ఆమె ముఖం రాయిలా ఉంది. "తిట్లెక్కడికీ పోవు. ముందు ఆ డబ్బా తియ్యండి. జాబితా రాసినవాళ్ళ దగ్గరికి పోదాం."

టీకా సంగతి మాత్రం పెద్దక్క గొంతు దాటలేదు. సగం నిజం చెప్పి ఊపిరి పీల్చుకునేవాళ్ళు మనలో మాత్రం తక్కువా!

ఆ రోజు ఎవరూ ఒక్క దుప్పటి కూడా ముట్టుకోలేదు. పదకొండుమందీ సూపరింటెండెంటు గదిలోకి నడిచారు. అధికారినీ కాంట్రాక్టరునీ అక్కడికి పిలిపించారు.

"సూదులు రావని లిఖితపూర్వకంగా ఇచ్చారు. ఇప్పుడు మాట మారిస్తే ఎలా?" అన్నాడు అధికారి.

"అబద్ధం చెప్పానండీ," అంటూ పెద్దక్క డబ్బాను బల్లమీద బోర్లించింది. తుప్పుపట్టినవి, వంకరపోయినవి, నెత్తురు ఎండినవి, నిన్నటివి. అధికారి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"జరుగుతారేం సార్? ప్రమాదం లేదుగా!" అంది గంటమ్మ.

కాంట్రాక్టరుకు అరికాలిమంట నెత్తికెక్కింది. "ఈవిడ మాట నమ్మి వచ్చారా? మీ అందరి కళ్ళూ కప్పి, ఆయా పేరుమీద టీకా వేయించుకుంది మీ పెద్దక్క! దగ్గరుండి వేయించింది నేను!"

పదిమంది చూపులు గుచ్చుకుంటుంటే పెద్దక్కకు భూమి చీలితే బాగుండుననిపించింది. "నిజమే," అంది. తోడికోడలు పచ్చబడ్డ కళ్ళతో ఆమెను చాలాసేపు చూసింది. తర్వాత ఆ కళ్ళు కాంట్రాక్టరు వైపు తిరిగాయి.

"ప్రమాదం లేకపోతే ఆవిడకెందుకు వేయించావురా?"

అతను అధికారి వైపు చూశాడు.

"ఉందని నీకు తెలుసు. నువ్వు చెబితే టీకా వేసినవాళ్ళకీ తెలుసు. రాయండి సార్, మా పదకొండుమంది పేర్లూ రాయండి. రాసేదాకా దుప్పట్లు కదలవు."

"పైనుంచి ఉత్తర్వు రావాలి," అన్నాడు అధికారి. ఆడవాళ్ళు వరండాలో బైఠాయించారు. మధ్యాహ్నానికి వార్డుల్లో పరచడానికి ఒక్క దుప్పటి మిగల్లేదు. ఆయాలు కూడా వచ్చి వాళ్ళ పక్కన కూర్చున్నారు. సూపరింటెండెంటు పోలీసులకు ఫోన్ చేశాడు.

"మీలో నాయకురాలెవరు?" అన్నాడు వచ్చిన ఇన్‌స్పెక్టరు.

పెద్దక్క తల వంచుకునే లేచింది. "నేనేనండీ. తప్పంతా నాది. నన్ను తీసుకెళ్ళండి."

గోడ పట్టుకుని తోడికోడలు కూడా లేచింది. "ఈవిణ్ణి ఒంటరిగా తీసుకెళ్ళకండి. ఒక్కతే ఉంటే అబద్ధం చెబుతుంది. మేమూ వస్తాం."

ఎవరూ నవ్వలేదు. ఒకరి వెనక ఒకరు అందరూ వ్యాను ఎక్కారు. తోడికోడలు వచ్చి పెద్దక్క పక్కనే కూర్చుంది, ముఖం మాత్రం అటు తిప్పుకుంది.

పైన సూపరింటెండెంటు బల్లమీద సూదులు అలాగే పడి ఉన్నాయి. వాటిని ఏరడానికి ఎవరూ ముందుకు రాలేదు.