రెండువందల పన్నెండో స్లైడు

1959 మార్చిలో ఒక మంగళవారం పొద్దున డాక్టర్ ఆదిశేషమ్మ మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే, "హెబ్రోనూ, ఈమె బతికుందా?" అని అడిగింది.

హెబ్రోను ఆ నెల్లూరు ఆసుపత్రి లాబొరేటరీలో ఇరవై ఏళ్లుగా టెక్నీషియన్. ఆపరేషన్ గదినుంచి వచ్చిన ముక్కల్ని మైనంలో బిగించి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, రంగు పట్టించి గాజుపలక మీదికి ఎక్కించడం అతని పని. వచ్చి పలక మీది అంకె చూసి రిజిస్టరు తీశాడు.

"రెండువందల పన్నెండు. పేరమ్మ, ముప్పై ఎనిమిదేండ్లు. విడవలూరు అవతల, సముద్రం ఒడ్డు పాలెం. యాభైమూడులో రొమ్ము తీసేసినారు. మళ్ళా రాలేదమ్మా."

ఆదిశేషమ్మ సంగం దగ్గర వరి పండించే రైతుల ఇంట పుట్టింది. మద్రాసులో వైద్యం చదివి, పెథాలజీ నేర్చుకుని, ఏడాది క్రితం ఈ ఉద్యోగంలో చేరింది. మిగతా డాక్టర్లు మనుషుల్ని చూస్తారు, ఆమె ముక్కల్ని చూస్తుంది. అదేం పని అని బంధువులు జాలిపడేవాళ్లు. ఆమెకు మాత్రం రోజూ గదిలోకి అడుగుపెట్టడమే సంబరం. ఆమెను పట్టి పీడిస్తున్న ప్రశ్న ఒకటుంది. ఒకే వయసు, ఒకే సైజు రాచపుండు ఉన్న ఇద్దరు ఆడవాళ్లలో ఒకరు పదేళ్లు బతుకుతారు, ఒకరు ఏడాది తిరక్కుండా పోతారు. ఎందుకు? అందుకే బీరువాలో దుమ్ము పట్టిన పాత స్లైడులన్నీ ఒక్కొక్కటే చూస్తోంది.

పేరమ్మ స్లైడులో క్యాన్సరు కణాలు భయంకరంగా ఉన్నాయి. ఒకదానితో ఒకటి పోలిక లేదు. సగం కణాలు రెండుగా చీలే తొందరలో ఉన్నాయి. పుస్తకాల ప్రకారం ఈ మనిషి రెండేళ్లు దాటకూడదు. కానీ వాటి చుట్టూ, తిరునాళ్లలో జనం తోసుకున్నట్టు, చిన్న గుండ్రటి నీలం కణాలు. శరీరంలోకి జబ్బు చొరబడితే వచ్చి చేరే తెల్లకణాలవి. అవి కమ్ముకున్నచోట క్యాన్సరు కణాలు వాడి, ముడుచుకుపోయి ఉన్నాయి.

ఈమె చనిపోయి ఉంటే ఆ నీలం కణాలు ఉత్త చూడ్డానికి వచ్చినవే. బతికి ఉంటే?

కార్డు రాస్తే జవాబు రాలేదు. ఆదివారం ఆదిశేషమ్మ హెబ్రోనును వెంటబెట్టుకుని విడవలూరు బస్సెక్కింది. అక్కణ్ణుంచి నడక. పడవలో కాలువ దాటి, సరుగుడు తోపుల్లోంచి ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ పాలెం చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. గుడిసె ముందు వల బాగుచేసుకుంటున్న పోలేరయ్య అనే పెద్దాయన్ని అడిగారు.

"ఏ పేరమ్మ? రొమ్ము కోసినారే, ఆమెనా?"

"ఆమే తాతా."

"ఆమె లేదు గదమ్మా."

"ఎప్పుడు?" అంది ఆదిశేషమ్మ.

"తెల్లారి పోయినాది. చేపలమ్ముకోను. ఇంక వచ్చే యాళైంది."

ఆదిశేషమ్మ ఇసుకలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు ఇంకా తెమలకముందే ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని, కమిలిన నల్లటి ముఖంతో, పెద్ద పెద్ద అంగలేసుకుంటూ ఒక ఆడమనిషి వచ్చింది. వీళ్లెవరో తెలియగానే గంప కింద పడేసింది.

"మళ్ళా కొయ్యను వచ్చినారా? నేను రాను!"

"కొయ్యనక్కా, ఒట్టు! నువ్వెట్ట ఉండావో చూసిపోదామని వచ్చినా."

"నన్ను చూసేదానికి నెల్లూరినించి నడిచొచ్చినారా?"

గుడిసెలోకి తీసుకెళ్లి ఆదిశేషమ్మ ఆమెను పరీక్ష చేసింది. పాత గాటు ఎండిన తాడులా ఉంది. చంకలో గడ్డల్లేవు, కాలేయం పెరగలేదు. ఎడమ చెయ్యి కొంచెం వాచి ఉంటుంది, అంతే. ఆరేళ్లు!

మర్నాడు సర్జన్ పద్మనాభయ్య గారు అంతా విని తల అడ్డంగా ఊపాడు. పేరమ్మకు ఆపరేషన్ చేసింది ఆయనే.

"సంతోషమేనమ్మా. కానీ ఒక్కమనిషితో ఏం తేలుతుంది? అదృష్టం అనరాదా?"

"అందుకే సార్, అందర్నీ వెతుకుతా."

పాత రొమ్ము స్లైడులు డెబ్బై ఒకటి ఉన్నాయి. హెబ్రోను పాత అంకెల మీద కాగితాలు అంటించి, కొత్త అంకెలు వేసి, కలగలిపేశాడు. ఎవరిదేదో తెలియకుండా ఆదిశేషమ్మ మూడు రకాలుగా విడదీసింది: నీలం కణాలు దట్టంగా ఉన్నవి, పల్చగా ఉన్నవి, అసలు లేనివి. ఆ జాబితాను కవరులో పెట్టి, సీలు వేసి, పద్మనాభయ్య గారి చేతికిచ్చింది. ఆ ఆడవాళ్లందరి సంగతీ తెలిసిన రోజు తెరవాలి.

తెలుసుకోవడమే కష్టమైంది. ఆరు నెలలు తిరిగితే పదకొండుమంది తేలారు. మిగతావాళ్ల ఇళ్ల దగ్గర తలుపులు మూసేవాళ్లు. రాచపుండని పైకి చెబితే ఇంటి పరువు పోతుందని భయం.

ఒకరోజు చెయ్యి చూపించుకోవడానికి పేరమ్మే నెల్లూరు వచ్చింది. ఆదిశేషమ్మ ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి మైక్రోస్కోపులోకి చూడమంది. పేరమ్మ ఒక కన్ను మూసి, చాలాసేపు కదల్లేదు.

"ఇదంతా నాలోదేనా? ఈ నీలంవేంది, ఇంత గుంపుగా ఉండాయి?"

"నీ తరపున కొట్లాడినాయని నా అనుమానం. ఇంకా రుజువు కాలేదక్కా. నీలాంటోళ్లంతా దొరికితే తెలుస్తాది."

"ఎట్ట దొరుకుతారు? మీరు కారు దిగిన దొరసానిలాగా పోయి అడిగితే ఎవురు చెప్తారు? ఆ పేర్లు నాకు చెప్పండి."

చేపలమ్మేవాళ్లు తొక్కని వీధి లేదు, తెలియని గడప లేదు. పేరమ్మ కొందరు తోటి ఆడవాళ్లను కలుపుకుంది. కావలి వైపు ఒకామె, పెన్న ఒడ్డు ఊళ్లకు ఇంకొకామె. అవసరమైన చోటికి తనే వెళ్లేది. లోపలింట్లో ఆడవాళ్ల మధ్య కూర్చుని, పైట తొలగించి, తన గాటు చూపించేది. "నేను బతికే ఉండాను చూడండి. మీ అత్త ఎట్ట ఉండాది?" అనేది. అప్పటిదాకా నోరు విప్పనివాళ్లు ఏడుస్తూనో నవ్వుతూనో అంతా చెప్పేవాళ్లు. ఆ కబుర్లన్నీ ఆమె గుర్తుపెట్టుకుని వచ్చి ఒప్పజెబితే, హెబ్రోను రాసుకుని, మళ్లీ వెళ్లి సరిచూసుకునేవాడు.

మూడేళ్లు పట్టింది. 1963 జనవరిలో డెబ్బై ఒకటో మనిషి ఆచూకీ దొరికింది.

కవరు తెరిచే రోజు పద్మనాభయ్య గారు ఆపరేషన్లు పెట్టుకోలేదు. ఆయన జాబితా చదువుతుంటే హెబ్రోను రిజిస్టరు చూసి, "ఉంది", "లేదు" అంటున్నాడు. పేరమ్మ గుమ్మంలో గొంతుక్కూర్చుంది. ఆపరేషనైన ఐదేళ్లకు బతికున్నవాళ్లను లెక్కపెడుతున్నారు. నీలం కణాలు లేనివాళ్లు ముప్పై ఒక్కమందిలో ఆరుగురు. పల్చగా ఉన్నవాళ్లు ఇరవై ఒక్కరిలో తొమ్మండుగురు. ఆదిశేషమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. దట్టంగా ఉన్నవాళ్లు పంతొమ్మిదిమంది.

"ఉంది... ఉంది... లేదు... ఉంది..."

పద్నాలుగు!

పద్మనాభయ్య గారు కళ్లజోడు తీసేశాడు. "పదేళ్లనుంచి కోస్తున్నాను. లోపల ఇంత యుద్ధం జరుగుతోందని నాకు తెలియదు" అన్నాడు. హెబ్రోను గోడవైపు తిరిగి ప్రార్థన చేసుకున్నాడు. పేరమ్మ లేచి ఆదిశేషమ్మ రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

మద్రాసులో డాక్టర్ల సభలో ఆదిశేషమ్మ ఆ లెక్కలు చదివినప్పుడు ముందు వరుసలోని ఒక ముసలి ప్రొఫెసరు లేచాడు. పంతొమ్మిదిమందితో పెద్ద మాటలు చెప్పలేం అన్నాడు. నిజమేనని ఆదిశేషమ్మ ఒప్పుకుంది. "సరే, డెబ్బై ఒక్కరిలో ఒక్కరూ తప్పిపోకుండా ఎలా వెతికారు? మాకు ఈ నగరంలోనే సగంమంది దొరకరు" అన్నాడాయన.

"చేపలమ్మే ఆడవాళ్లు వెతికారండీ. వాళ్లను నడిపించినామె పేరు పేరమ్మ. ఆమె కూడా ఆ పద్నాలుగుమందిలో ఒకతె."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ముసలాయన నిలబడే ఉండి చప్పట్లు కొట్టాడు. ఏడాది తిరిగేలోగా రెండు పెద్ద ఆసుపత్రులు తమ స్లైడులు ఆమెకు పంపించాయి.

ఆదిశేషమ్మ మద్రాసునుంచి తిరిగొచ్చిన మర్నాడు పేరమ్మ లాబొరేటరీకి వచ్చింది. పొగడ్తలన్నీ చెబితే వింది, మురిసింది. తర్వాత అంది:

"అమ్మా, ఆ సంగం వెంకటశేషమ్మ ఉండిందే. ఆమెకు కూడా నీలంవి దట్టంగానే ఉండాయంటిరి గదా. ఎనిమిది నెలల్లోనే పోయినాది. ఆమె కూతురు నన్ను పట్టుకుని ఏడ్చినాది. ఎందుకట్టా అయినాది?"

దట్టంగా ఉండీ చనిపోయిన ఆ ఐదుగురూ ఆదిశేషమ్మను కూడా వదలడం లేదు.

"తెలవదక్కా" అంది. "ఆ కణాలు చంకలో అందరికీ ఉండే చిన్న గడ్డల్లోనించే కదా వచ్చేది. అక్కడేమైనా తేడా ఉండాదేమో. ఇంతవరకు ఎవరూ సరిగ్గా చూడలేదు."

ఆ మాట అంటుండగానే ఆమెకు తట్టింది. ఆపరేషనప్పుడు రొమ్ముతోపాటు తీసిన ఆ చంక గడ్డలు మైనపు దిమ్మల్లో ఉండే ఉంటాయి. బల్ల మీద కాగితాలన్నీ పక్కకు తోసేసింది.

"హెబ్రోనూ! వెంకటశేషమ్మ దిమ్మలు తియ్యండి. గడ్డలవి. ఇప్పుడే కోద్దాం."

హెబ్రోను అప్పటికే బీరువా తాళం తీస్తున్నాడు.