తూర్పుకు జరిగే ఇల్లు

నేనింతవరకు ఏదీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతి కాడనే బడి బంద్ అయింది. నలుగురిలో నోరు తెరిచి చెప్పుడు నాకు చేతగాదు, అందుకే కాయితం మీద పెడుతున్న.

పొద్దున లేస్తే నాకు రోజూ ఒక్కటే తీరు. గొర్ల దొడ్డి ఊడ్చి, పెంట ఎత్తిపోసి, బట్టలు పిండి, మా వేపచెట్టుకూ పక్కనున్న ఇమాంబక్క ఇంటికీ నడుమ కట్టిన తీగ మీద ఆరేస్త. తీగ మరీ బిగుసుకున్నట్టు కనిపిస్తే విప్పి, జర వదులు చేసి మళ్లా కడత. ఎందుకంటే ఇమాంబక్క ఇల్లు తూర్పుకు జరుగుతాంది. ఆమె పెనిమిటి మదార్ సాబ్ చనిపోయిన కాడినుంచి రాత్రికింత జరుగుతనే ఉంది. కరెంటాయన అప్పుడప్పుడు వచ్చి వైరు పొడుగు చేసి పోతడు. పాలాయన ఇల్లు ఏడుంటే ఆడికే పోయి గిన్నెల పోస్తడు.

మదార్ సాబ్ మా ఊరి ముల్లా. ఏ కులమోళ్ల ఇంట్ల యాటను కోసినా బిస్మిల్లా అని కత్తి పెట్టేది ఆయనే. గట్ల కోస్తేనే హలాల్, గట్ల కోసిందే ఇమాంబక్క తింటది. పెండ్లినాడే ఆమెకు సముద్రం చూపెడ్తనని మాటిచ్చిండట. విశాఖ అవతల భీమిలి కాడ ఒడ్డు కొడవలి లెక్క వంగి ఉంటదట, పక్కనే గుట్టలట. చూపెట్టకుండనే పోయిండు.

ఇల్లు జరిగితే జరిగింది గానీ, తూర్పు దిక్కున రాయి తీసి వదిలేసిన గుంత ఉంది. దాన్నిండ తాటిచెట్టు లోతు నీళ్లు. ఇల్లు సక్కగ దాని మీదికే పోతాంది. "మా ఇంట్ల పండుకో అక్కా" అంటే వినదు.

"మా సాబ్ నన్ను తెచ్చి కూసోపెట్టిన ఇల్లే ఇది. అదెటు పోతే నేనటే" అంటది.

ఆమె సముద్రం చూసొస్తే ఇల్లు ఆగుతదేమోనని నాకు తట్టింది. కారు నడిపే శివకృష్ణను పిలిచిన.

"శనారం పొద్దుగాల పోయి ఐతారం రాత్రికి మళ్లాలె, బిడ్డా."

"రూములు నేను మాట్లాడ్త చిన్నమ్మా. తిండే తిప్పలు. పెద్దమ్మ హోటల్ల తినదాయె."

"నమాజుకు సాఫ్ జాగ గూడ ఉండాలె," అన్నది ఇమాంబక్క. "హోటలాయన హలాలే అంటడు. ఎవరు కోసిండ్రో నేను చూసిన్నా?"

"చేపలు తిను పెద్దమ్మా. చేపకు ముల్లా అక్కర్లేదు గదా."

"ముండ్లు గొంతుల ఇరుక్కుంటయిరా. సముద్రం చూడబోయి చేపతోని సచ్చిందంటే మంది నవ్వరా?"

మా ఆయన కిష్టయ్య అరుగు మీద బీడి కాలుస్తున్నడు. "ఏడ జూసినా నీళ్లే గదనే. గా గుంత కాడికి తోల్కపోయి ఇదే సముద్రమని చూపెట్టు," అన్నడు. ఎవ్వరం నవ్వలేదు.

ఆఖరికి ఒట్టి తునకలు తీస్కపోదామనుకున్నం. మాంసం సన్నగ కోసి, ఉప్పు పసుపు పట్టిచ్చి ఎండబెడితే పాడుగావు. మా మందలనుంచి పొట్టేలునిచ్చిన. కోయనీకి నల్లగొండనుంచి ముల్లాను పిలిపిచ్చినం. తునకలు తీగ మీద ఏసినమో లేదో ముసురు పట్టింది. ఆరకుంటే పురుగు పడ్తది.

"వచ్చే శనారం పోదాం అక్కా," అన్న.

ఆమె తలూపింది. ఆ వారంల ఇల్లు గుంత ఒడ్డుకు పోయి నిలబడ్డది. తూర్పు గోడ కింద నేల లేదు, గాలే.

శుక్రారం సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. పొయ్యి మీద కాక పట్టిచ్చి ఎట్లనో ఆరబెట్టిన తునకలను వేయించి మూట కట్టాలె. తెల్లారంగనే కారొస్తది. బురద దాటలేవు, ఈ ఒక్క రాత్రి మా ఇంట్ల పండుకొమ్మని బతిమాలితే వచ్చింది. నమాజు సాప, గుడ్డల చుట్టిన ఖురాను తెచ్చుకున్నది. రాత్రి మళ్లా వాన దంచింది.

తెల్లారి చూస్తే ఒడ్డు విరిగి ఇల్లు గుంతల పడ్డది. నీళ్ల మీద వాసం ఒక్కటి తేలుతాంది. శివకృష్ణ కారు దిగి గుంత కాడిదాంక పోయి చూసొచ్చిండు. ఇమాంబక్క ఏడ్వలేదు.

"మా సాబ్ నన్ను విడిచిపెట్టి పోయిండే," అన్నది.

"కారెక్కు అక్కా. సముద్రం చూసొద్దాం."

"నాకింక ఏ సముద్రం వద్దు. గా ముచ్చట తీయకు."

శివకృష్ణ మెల్లగ కారు మలుపుకొని పోయిండు. ఆమె ఆ రోజంతా మా నడిమింట్ల గోడ దిక్కు మొఖం పెట్టి పండుకున్నది. ఆమె కోసమని చేసిన తునకలు గూడ ఒక్కటి నోట్ల పెట్టలేదు. చీకటి పడ్డంక మళ్లా అడిగిన. "వద్దంటే వినవేందే," అని కొంగు మొఖం మీదికి గుంజుకున్నది.

మరునాడు పొద్దున దొడ్డి ఊడ్వనీకి పడమటి తలుపు తీసి, మెట్టు మీద కాలు పెట్టబోయిన. కాలు సందుల దిగబడ్డది. మెట్టుకూ గడపకూ నడుమ నాలుగు వేళ్లు పట్టేంత సందు. మా అత్తగారి కాలంనుంచి కదలని ఇల్లు మాది. లోపల ఇమాంబక్క నిద్రపోతాంది.

మా ఆయనను లేపలేదు. ఫోన్ తీసి శివకృష్ణకు చేసిన.

"ఇప్పుడే కారు తే, బిడ్డా."

"పెద్దమ్మ ఒప్పుకున్నదా?"

"ఒప్పుకున్నది," అన్న.