యారినా చెప్పిన షుమ్

పోలండ్‌లోని జెషూవ్ ఊళ్లో మా లాండ్రీకి హోటళ్ల దుప్పట్లన్నీ వచ్చిపడతాయి. యారినా ఉక్రెయిన్ నుంచి వచ్చి నా పక్కనే పనిలో చేరింది. మా పోలిష్ సగం నేర్చింది, మిగతా సగం తన భాషలోనే కానిచ్చేది. రెండూ అక్కాచెల్లెళ్ల లాంటి భాషలు. ఇద్దరికీ సరిపోయేది.

ఒక సోమవారం పెద్ద ఉతుకు మెషీన్లో ఇనుము ఇనుమును ఒరుసుకుంటున్న మోత మొదలైంది. యారినా పరుగున వెళ్లి సూపర్‌వైజరు జెనోన్‌ను చొక్కా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"షుమ్ అండీ, లోపల షుమ్" అని ఆ మోతను మించి అరిచింది.

ఆ మాట మాకూ ఉంది. కాకపోతే ఆకుల గలగలనో అలల సవ్వడినో మేం షుమ్ అంటాం. వాళ్లకైతే చెవులు పగిలే రొద కూడా షుమే.

జెనోన్ నవ్వాడు. "షుమ్ వినడానికి జనం సెలవు పెట్టి సముద్రానికి పోతారమ్మాయ్. నీకిక్కడ ఉత్తినే దొరికింది. పో, పని చూసుకో."

"ఆపించండి జెనోన్ గారూ. నాకూ తేడాగానే వినపడుతోంది" అన్నాను.

"ఆపితే ఈ దుప్పట్లన్నీ నువ్వు చేత్తో ఉతుకుతావా, దనూతా?"

మర్నాడు యారినా మళ్లీ చెప్పింది. అతను తల కూడా తిప్పలేదు. ఆ వారంలోనే డ్రమ్ము ఊడి మెషీను తలుపును బద్దలుకొట్టింది. ఆ తలుపు దెబ్బకు యారినా కుడి మణికట్టు నుజ్జయింది.

విచారణకు కార్మిక శాఖ నుంచి ఒకావిడ వచ్చింది. యారినా కట్టుతో ఒక కుర్చీలో, నేను పక్కన. జెనోన్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

"మేడమ్, ఆవిడ నాతో షుమ్ అంది. పెద్ద చప్పుడని అనలేదు. ఆ మాటకు మీరైనా, నేనైనా ఏమనుకుంటాం? ఆవిడకు భాష రాకపోవడం నా తప్పా?"

కార్మిక శాఖ ఆవిడ తలాడించింది. నా ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోయాను. యారినా ఎడం చేత్తో నా మోకాలు నొక్కింది.

"మా ఊళ్లోనూ ఆకులు షుమ్ అంటాయండీ" అంది, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. "ఆకులు కదులుతున్నాయని చెప్పడానికి మీ చొక్కా పట్టుకుని లాగుతానా? గొంతు చించుకుంటానా? మీకు మాట తెలియకపోవచ్చు. నా మొహం కనపడలేదా?"

కార్మిక శాఖ ఆవిడ జెనోన్‌ను అడిగింది: "ఆ మోతలో మీకు వినపడాలంటే ఆమె అరవాల్సి వచ్చిందా, లేదా?"

"...వచ్చింది."

యారినాకు పరిహారం వచ్చింది. కానీ ఆ చేత్తో ఇప్పటికీ తడిబట్ట పిండలేదు. బస్ స్టేషన్‌లో టికెట్లు అమ్ముతోంది. జెనోన్‌ను గోదాముకు మార్చారు, అంతే. జీతం మాత్రం తగ్గలేదు.

మొన్న క్యాంటీన్లో నా ఎదురుగా కూర్చుని, "ఆ పిల్ల కాస్త భాష నేర్చుకుని ఉంటే ఇంత గొడవయ్యేది కాదు దనూతా" అన్నాడు.

"నీకు నేనూ చెప్పాను కదా. నేను పుట్టింది ఈ ఊళ్లోనే" అని, సూప్ గిన్నె తీసుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్లిపోయాను.