చూపుల తోట

మా బడి వెనక తోట వేస్తామని సేవా సంస్థవాళ్ళు వచ్చి చెప్పిన రోజున అందరికంటే ఎక్కువ మురిసిపోయింది నేనే. ఆ బడిలో వంట నాది. వంట అని పేరే గానీ నేను కాచేది గంజి. మిల్లు మూతబడ్డాక ఈ వాడలో రెండుపూటలా పొయ్యి వెలిగే ఇల్లు లేదు. పిల్లలు బడికి వచ్చేది చదువు కోసమని పెద్ద మాస్టారు అనుకుంటారు గానీ, వాళ్ళ కళ్ళన్నీ నా గరిటె మీదే ఉంటాయి. ఆ గరిటెలో మాత్రం ఏముంది? కడుపు నిండుతుంది, ఒంటికి పట్టదు.

నా మురిపెంలో నా స్వార్థం నాకుంది. సందె పడితే మా పిల్లకి కళ్ళు కనపడటం లేదు. అది చదివేది మూడో తరగతి. తినేది గుప్పెడే కాబట్టి అందరూ పిచ్చుక అంటారు. వెలుతురు తగ్గితే చాలు, గోడ పట్టుకుని గుమ్మం వెతుక్కుంటుంది, ముందు పెట్టిన కంచాన్నే తన్నేస్తుంది. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ రెప్ప ఎత్తి చూసింది. తెల్లగుడ్డు మీద సబ్బు నురగలాంటి మచ్చ ఉంది. రేచీకటి అంది. మందు నిండుకుందనీ, వస్తే కబురు పెడతాననీ, ఈలోగా ఆకుకూరో క్యారెట్టో గుడ్డో ఏది దొరికితే అది పెట్టమనీ చెప్పింది. ఆలస్యమైతే నల్లగుడ్డుకి పాకుతుందట, అప్పుడిక ఎవరి చేతుల్లోనూ ఉండదట. సంతలో ఆకుకూర బుట్టల పక్కనుంచి మొహం తిప్పుకుని నడిచే మనిషిని నేను. అలాంటిది, నా వంటగది వెనకే తోట వస్తుందంటే ఎగిరి గంతెయ్యనా?

విత్తనాలూ, కంచే, తమ పేరు రాసిన పెద్ద బోర్డూ సంస్థవాళ్ళు ఇచ్చారు. మిగతాదంతా పిల్లలే చేశారు. బడి పంపులో గాలి తప్ప నీళ్ళు రావు. అందుకని ఒక్కొక్కరూ ఇంటి నుంచి సీసాతో నీళ్ళు తెచ్చి మొక్కలకి పోసేవారు. మా పిచ్చుక తాగడానికి ఇచ్చిన నీళ్ళు కూడా వాటికే పోసి, నాలుక పిడచగట్టుకుని నా దగ్గరికి వచ్చేది. తిట్టేదాన్ని, మళ్ళీ లోపల సంతోషించేదాన్ని. తోటకూర మోకాలెత్తు లేచింది. పాలకూర ఆకులు అరచేతంత అయ్యాయి.

ఒక ఉదయం కత్తీ బుట్టా పట్టుకుని వెళ్ళాను. గేటుకి తాళం వేసి ఉంది. బడి కాపలాదారు ఎవరో కాదు, నా సొంత తమ్ముడు. తాళం చెవి వాడి మొలతాడుకే వేలాడుతోంది. తియ్యరా అంటే నేల చూపులు చూశాడు.

"సార్ ఒద్దన్నారక్కా. చూపులయ్యేదాకా ఆకు ముట్టకూడదంట."

చూపులు పెళ్ళికూతురికి గానీ తోటకూరకేమిట్రా అన్నాను. వాడు నవ్వలేదు. సంస్థ నుంచి పెద్దవాళ్ళు వచ్చి తోట చూస్తారట. ఆ రోజుకి తోట నిండుగా ఉండాలట. తోక తొక్కిన తాచులా సర్రుమని పెద్ద మాస్టారి గదికి పోయాను.

ఆయన చెడ్డవాడైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. చిరిగిన చొక్కా కాలరు తిప్పి కుట్టించుకుని తొడుక్కునే మనిషి. పిచ్చుక కళ్ళ సంగతి అంతా విని, నన్ను కూర్చోమని నెమ్మదిగా చెప్పారు. వచ్చేవాళ్ళకి తోట నచ్చితే, ఏడాది పొడుగునా పిల్లలందరికీ రోజూ గుడ్డు ఇస్తారట. అలా ఎవరో ఆయన చెవిన వేశారు.

"ఇవాళ నాలుగాకులు కోసుకుంటే రేపు గుడ్లు పోతాయమ్మా. కొన్నాళ్ళు ఓపిక పట్టు. నీ పిల్ల ఒక్కతే కాదుగా."

తోటకూర కోస్తేనే కదండీ చిగురేసేది అన్నాను. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కోసిన మొక్క కొన్నాళ్ళు బోడిగా కనిపిస్తుంది, సరిగ్గా ఆ రోజే వాళ్ళు దిగితే ఎలా అన్నారు. గుడ్డు మాట వినగానే నా నోరు కూడా మూతబడింది. రోజూ గుడ్డు! పిచ్చుక కంటికి అంతకంటే ఏం కావాలి? సరేనని వచ్చేశాను.

వాళ్ళు వస్తామన్న వారం రాలేదు. వర్షమన్నారు. ఆ తర్వాత పై అధికారికి ఒంట్లో బాగాలేదన్నారు. ప్రతిసారీ బడి కడగడం, బోర్డు తుడవడం, పిల్లల జుట్టు దువ్వడం. తోటకూర నడుమెత్తు లేచి కాడలు లావెక్కాయి. పాలకూర నడినెత్తిన పూత కాడ వేసింది. పిల్లలు కంచె బయట నిలబడి, లోపలున్న మొక్కలకి సీసాలతో నీళ్ళు చిమ్మేవారు.

మధ్యలో ఒకసారి మా తమ్ముడు, మేనకోడలి మీద జాలి పడి, అడుగున పండిపోయిన ఆకులు పిడికెడు తెచ్చిచ్చాడు. ఉడికించి పెట్టాను. మర్నాడే మాస్టారు వరసలో ఆ ఖాళీ పసిగట్టి, ఇంకోసారి జరిగితే వేరే కాపలాదారుని చూసుకోవాల్సి వస్తుందని వాడితో అన్నారట. వాడికీ ముగ్గురు పిల్లలు. మళ్ళీ నేను అడగలేదు, వాడు తేలేదు.

చివరికి వచ్చారు. పొద్దున్నుంచీ పిల్లల్ని వరసగా నిలబెడితే, రెండు కార్లు గేటు ముందు ఆగేసరికి పొద్దు వాలిపోయింది. తోట చూశారు, బోర్డు పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ముందుగా కోసి పెట్టిన కూరల బుట్టని పిచ్చుక చేతికిచ్చి, పెద్ద మేడమ్‌కి అందించమన్నారు మాస్టారు. అందరిలోకీ పొట్టిది కాబట్టి ఫోటోలో ముద్దుగా ఉంటుందట. దానికి ఈ వేళప్పుడు కనపడదు సార్ అని ఆయన పక్కకి వెళ్ళి చెప్పాను. నాలుగడుగులేగా, తిన్నగా నడిస్తే సరి అన్నారు.

అది నడిచింది. ఇలా రా తల్లీ అని మేడమ్ పిలిచింది. అదే సమయానికి చుట్టూ చప్పట్లు మొదలయ్యాయి. పిచ్చుక ఆగింది, మొహం అటూ ఇటూ తిప్పింది. చప్పట్లు గట్టిగా వినపడిన వైపు తిరిగి, బుట్టని రెండు చేతులా ఎత్తి, నవ్వుతూ బడి పంపుకి అందించింది. అందరూ నవ్వారు. పాపం సిగ్గుపడుతోంది అన్నారు మాస్టారు. మేడమే నాలుగడుగులు వేసి బుట్ట అందుకుంది. నేను వంటగది గుమ్మంలో నిలబడి చెంగు నోట్లో కుక్కుకున్నాను.

వెళ్ళేముందు మేడమ్ మాట్లాడింది. ఇంత పచ్చటి తోట తాము సాయం చేసే ఏ బడిలోనూ చూడలేదంది. గుడ్ల పథకం వెనకబడిన బడుల కోసమట. ఇంత బాగా తమ కాళ్ళ మీద తాము నిలబడిన పిల్లలకి ఇక దాని అవసరం లేదట, అది పక్క వాడ బడికి పోతుందట. మాస్టారు ఏదో చెప్పబోయారు. చప్పట్లలో ఆయన గొంతు వినపడలేదు. మా కూరల బుట్ట కారు వెనక సీట్లో కూర్చుని వెళ్ళిపోయింది.

మర్నాడు మాస్టారే తాళం తీసి, కోసుకోమని కత్తి నా చేతికిచ్చారు. నా మొహంలోకి చూడలేదు. ఆ పూటే పిచ్చుకని నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. మందు ఇంకా రాలేదు. ఆవిడ కుడి కన్ను తెరిచి చాలాసేపు చూసింది. నల్లగుడ్డు మీద పాలమీగడలాంటి పొర. పిల్లని బయట బల్ల మీద కూర్చోబెట్టి వచ్చి, కుడి కన్ను పోయినట్టేననీ, ఎడమదాని సంగతి చెప్పలేననీ అంది.

ఇంటికొచ్చి తోటకూర ఉడకబెట్టాను. ఎంత ఉడికించినా ఉడకలేదు, ఒట్టి పీచు. పిల్ల ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది, నమిలింది, మింగుడు పడలేదు.

"నారలా ఉందమ్మా. ఉమ్మెయ్యనా?"

"ఒద్దు. కళ్ళకి మంచిది."

అది తల ఊపి, కంచం ఎక్కడుందో చేత్తో తడుముకుని, ఇంకో ముద్ద పెట్టుకుంది.