అలోంజో టీస్లీ గ్లవ్

ఆ గ్లవ్ దొరికిన రోజు హార్లన్ డోంబెక్‌కు అన్నపానీయాలు గుర్తు రాలేదు. 1911 నాటి తోలు గ్లవ్, బంతి పట్టడానికి చేతికి తొడుక్కునేది. లోపల సిరాతో "ఎ. టీస్లీ" అని రాసి ఉంది. పాత బేస్‌బాల్ వస్తువుల కోసం ముప్పై ఏళ్లుగా ఇండియానా రాష్ట్రమంతా జల్లెడ పట్టిన మనిషి అతను. సిగరెట్ పెట్టెల్లో వచ్చిన ఆటగాళ్ల బొమ్మలు, చిరిగిన టికెట్లు, విరిగిన బ్యాట్లు అతని నేలమాళిగ నిండా ఉన్నాయి. నల్లజాతి జట్ల వస్తువు మాత్రం అంతవరకూ ఒక్కటీ చేతికందలేదు. ఇది అలోంజో టీస్లీ ఆడిన నల్లజాతి జట్టు యజమాని ట్రంకుపెట్టెలో, ఆయన మనవడు ఇల్లు ఖాళీ చేస్తుంటే బయటపడింది.

టీస్లీ కూతురు ఒడెస్సా ఇండియానాపొలిస్‌లో ఉందని తెలుసుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆమెకు డెబ్బై తొమ్మిదేళ్లు. గ్లవ్ చూసి ఎంత మురిసిపోతుందోనని దారి పొడవునా ఊహించుకుంటూ వెళ్లాడు.

"ముందు ఈ తీపి పై ముక్క తిను బాబూ. చిలగడదుంపతో కాల్చింది. దీనికోసం మా చర్చిలో కొట్టుకుంటారు" అంది ఆమె.

అతను గ్లవ్‌ను బల్ల మీద పెట్టాడు. ఆమె సిరా అక్షరాల మీద వేలు ఆనించింది.

"నాన్న రాతే. ఇది నీకెక్కడిది?"

గ్లవ్‌తో పాటు దొరికిన చీటీ ఇచ్చాడు హార్లన్. అది యజమాని చేతిరాత: "టీస్లీ గ్లవ్. వేరే జట్టుకు పోతానన్నాడు. చెప్పకుండా తీసి దాచాను."

ఆమె రెండుసార్లు చదివింది. కళ్లజోడు తీసేసింది.

"అయితే రూఫస్ బాబాయి తియ్యలేదన్నమాట."

"ఆయనెవరమ్మా?"

"నాన్న తమ్ముడు. తాగేవాడు. ఈ గ్లవ్ పోవడం నేను పుట్టకముందు సంగతి. 'తాకట్టు పెట్టి తాగేశావు కదరా' అన్నాడట నాన్న. బైబిల్ మీద చెయ్యేసి ఒట్టేసినా నమ్మలేదు. ఒకే వీధిలో ఉండి చచ్చేదాకా మాట్లాడుకోలేదు. ఒక క్రిస్మస్‌కి బాబాయి మా గుమ్మంలో నారింజపళ్లు పెట్టి పోతుంటే, 'దొంగ పళ్లు మాకొద్దు' అని నేనే ఆయన వీపు మీదికి విసిరేశా. పదేళ్లదాన్ని. ఆయన తిరిగి కూడా చూళ్లేదు. ఆయన పోయినప్పుడు మేమెవరమూ వెళ్లలేదు."

హార్లన్ తింటున్న పై ముక్కను పళ్లెంలో పెట్టేశాడు. "మీరు సంతోషిస్తారనుకున్నానమ్మా."

"సంతోషించాల్సినోళ్లు పోయారు కదా బాబూ. కారు తెచ్చావా?"

రూఫస్‌ను పూడ్చిన, దిక్కులేనివాళ్ల శ్మశానం ఊరి చివర ఉంది. కాపలాదారు వరస చూపించాడు గానీ, రాళ్లు లేవు కాబట్టి సమాధి ఏదో చెప్పలేకపోయాడు. గడ్డి కింద కుంగిన నేల ఏడెనిమిది చోట్ల కనిపిస్తోంది. హార్లన్ మోచెయ్యి పట్టుకుని ఒడెస్సా ఒక్కోచోటా ఆగింది.

"బాబాయ్, నువ్వెక్కడున్నావో తెలీదు. అన్నిచోట్లా చెప్తున్నా. నువ్వు దొంగవి కాదు."

ఆఖరి చోట ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. ఆ మాటలు హార్లనే అన్నాడు.

ఇంటి దగ్గర దిగుతుంటే గ్లవ్ ఇవ్వబోయాడు.

"వద్దు. దాన్ని రోజూ చూసే ఓపిక నాకు లేదు. నీ దగ్గరే ఉంచు. ఎవరైనా చూడ్డానికొస్తే బాబాయి సంగతి కూడా చెప్పు."

అతను చెబుతూనే ఉన్నాడు. ఆ తర్వాత పాత వస్తువులు ఇంకా చాలా దొరికాయి. వాటి సొంతదారుల పిల్లల్ని వెతకడానికి మాత్రం అతనికి ధైర్యం చాలలేదు.