జాకెట్టు పాఠాలకు మావయ్యగారి ఫోటో

"ఏటే షైనీ, ఆ కంపినీవోళ్ళు మల్లీ తిరగ్గొట్టీసేరట?" అంది మా అత్తయ్య, నేను పెరట్లో పీట వేసుకుని నెత్తళ్ళ చేపలకి తలలు గిల్లుతుంటే. ఆ గొంతులో ఉన్నది జాలో సరదానో నాకు అంతుపట్టలేదు. బహుశా రెండూనేమో. అవునత్తయ్యా తిరగ్గొట్టేరు, అన్నాను. "పోనీలే, నీకెందుకొచ్చిన గొడవ? సుబ్బరంగా వొండుకుని తినక" అంది. అని లోపలికి పోయిందా అంటే పోలేదు. అక్కడే గోడకి చేరబడి, "ఇంతకీ ఏటంతన్నారు ఆళ్ళు?" అని అడిగింది.

ఆళ్ళంటే ఇంటర్నెట్లో ప్రకటనలు వేసే కంపెనీవాళ్ళు. మనం డబ్బు కట్టి రెండు ముక్కల ప్రకటన రాసిస్తే, ఎక్కడో ఎవరో "జాకెట్టు కటింగ్" అని వెతికినప్పుడు పక్కన మనది కనిపిస్తుంది. దాన్ని నొక్కితే మన పేజీకి వస్తారు. అక్కడ తమ పేరు, ఊరు, మెయిల్ అడ్రసు రాసిస్తే, వారానికొక జాకెట్టు పాఠం నేను పంపిస్తాను. ఇంతే సంగతి. ఈ మాత్రం దానికి ఆ కంపెనీ రెండుసార్లు కాదు పొమ్మంది. మూడోసారి కూడా నియమాలు తప్పితే ఖాతానే మూసేస్తామని మెయిల్లో హెచ్చరించింది. ఖాతా మూస్తే నా పాఠాలూ మూతే, ఆ మాట మా ఆయన శాంతికుమార్ ముందే తేల్చేశారు. "ఇంకోసారి తిరగ్గొడితే ఆపీద్దాం షైనీ. అక్కడ పెళ్ళి కార్డులు పేరుకుపోయేయి, అవి టైపు చెయ్యి చాలు."

పెళ్ళి కార్డులు నేను ఏనాడు ఆపాను కనక? అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకి వెళ్ళే దారిలో మా ఇల్లు, ముందు గది మా షాపు. శాంతి కంప్యూటర్స్ అని బోర్డు. పొద్దున్నే షట్టరెత్తి తుడిచేది నేను, బెల్లం అమ్మిపెట్టే దండీల లెటర్‌హెడ్లు, స్కూళ్ళ ప్రశ్నాపత్రాలు, శుభలేఖలు టైపు చేసేది నేను, ప్రింటరు కాగితం మింగి మొరాయిస్తే వేళ్ళు పెట్టి లాగేది నేను. మధ్యలో కుక్కరు కూత వేస్తే లోపలికి పరుగు, ఎవరో "అమ్మా, జిరాక్సు" అంటే బయటికి పరుగు. ఎవరైనా చుట్టాలొచ్చి "మీ ఆవిడ ఏం చేస్తోంది?" అని అడిగితే మా ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించరు. "ఇంట్లోనే ఉంతాది, ఖాళీయే" అంటారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, ఆయన నిజంగానే అలా నమ్ముతారు. నాకేమో ఒళ్ళు మండిపోతుంది. మండి, ఆ చుట్టాలకే టీ పెట్టడానికి లోపలికి వెళ్తాను.

జాకెట్లు మాత్రం నావి. పెళ్ళికి ముందు చర్చి వాళ్ళ కుట్టు శిక్షణలో నేర్చుకున్నాను. నా స్నేహితురాలు శ్రీదేవి పెళ్ళి చేసుకుని బెంగళూరు వెళ్ళాక, అక్కడి దర్జీ చంక దగ్గర పట్టేసేలా కుట్టాడని ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. కాగితం మీద బొమ్మ గీసి, కొలతలు రాసి, షాపులో స్కాన్ చేసి మెయిల్లో పంపించాను. కుట్టుకుంది, సరిగ్గా కుదిరింది. అది చూసి వాళ్ళ పక్కింటామె అడిగింది, ఆమెను చూసి ఆఫీసులో ఇంకొకామె. అలా అలా పెరిగి ఓ పాతికమందికి పంపుతుంటే, మా ఆయన కళ్ళు మెరిశాయి. ఇలా మెయిల్ అడ్రసులు పోగుచేసి తర్వాత వాళ్ళకే పాఠాల సీడీ అమ్ముకునేవాళ్ళున్నారని నెట్లో చదివారట. "పేజీ నేను చేత్తాను, నువ్వు పాఠాలు రాయి" అన్నారు. ఆ రోజు నాకు నేల మీద కాలు నిలవలేదు. నిజం చెప్పొద్దూ, ఆయన మీద బోలెడు ప్రేమ కూడా కలిగింది.

పేజీ చూశాక ఆ ప్రేమంతా దిగిపోయింది. మా ఆయనకి చేతికొచ్చిన విద్య కరపత్రం. సువార్త సభలకైనా, కొత్త చెప్పుల షాపుకైనా మా ఊళ్ళో కరపత్రమంటే ఒక పద్ధతి ఉంది. పైన గుండ్రంలో పెద్దాయన ఫోటో, కింద ఉచితం, ఉచితం అని ఎర్రక్షరాలు, ప్రతి మాటకీ ముందొక ఆశ్చర్యార్థకం వెనకొక ఆశ్చర్యార్థకం, చివర్లో "అందరూ ఆహ్వానితులే". అచ్చం అలాగే చేశారు పేజీ. గుండ్రంలో మా మావయ్యగారు! రిటైర్డ్ హెడ్మాస్టర్ హనోకుగారు, నల్ల కోటు, ఎర్ర టై, ఎవరినో బెంచీ ఎక్కించబోతున్నట్టు చూపు. ఆయన గడ్డం కింద "జాకెట్టు కుట్టడం నేర్చుకోండి". దాని కింద చిన్నక్షరాల్లో "హనోకు మాస్టారి కోడలిచే".

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయనకి కోపం వచ్చింది. "ఏటా నవ్వు? నాన్నంటే ఈ ఊళ్ళో ఓ గౌరవం. నీ పేరెవడికి తెలుసు?" అన్నారు. బెంగళూరులో మావయ్యగారెవరికి తెలుసండీ, అన్నాను. "పోనీ తెలీకపోనీ. ఆడదాని పేరూ ఫోటో నెట్లో పెడితే ఎవడు పడితే ఆడు చూత్తాడు. నీకు తెలీదు, ఊరుకో" అన్నారు. ఊరుకున్నాను. ఊరుకోవడంలో నాకు మంచి సాధన ఉంది.

మొదటిసారి ప్రకటనే తిప్పికొట్టారు. ఇంగ్లీషులో అన్నీ పెద్దక్షరాలే ఉన్నాయట, అన్ని ఆశ్చర్యార్థకాలు పనికిరావట. మా ఆయన గింజుకుంటూనే అవన్నీ తీసేశారు. రెండోసారి ఏకంగా పేజీనే పట్టుకున్నారు. "దగ్గర్లో ఆఫీసుంటే ఓ కేజీ మాడుగుల హల్వా పట్టుకెళ్ళి మాటాడి వచ్చీవోణ్ణి" అని మా ఆయన వాపోయారు. మునిసిపాలిటీలోనైనా కరెంటాఫీసులోనైనా ఆయన పనులు అలాగే అవుతాయి. ఈ కంపెనీకి గుమ్మం లేదు, గుమస్తా లేడు, హల్వా ఎవరి చేతిలో పెట్టాలో ఆయనకి తెలీలేదు. విసిగిపోయి, ప్రింటరు ఇంకు కోసం వైజాగ్ బస్సెక్కి వెళ్ళిపోయారు.

ఆయనటు వెళ్ళగానే నేను చేతులు కడుక్కుని కంపెనీవాళ్ళ నియమాలన్నీ ప్రింటు తీశాను. మధ్యాహ్నం కరెంటు పోతుంది కదా, కాగితమైతే పొయ్యి దగ్గర కూడా చదవొచ్చు. పులుసులో నెత్తళ్ళు ఉడుకుతుంటే గరిటె ఒక చేత్తో, కాగితాలు ఒక చేత్తో పట్టుకుని చదివాను. మెయిల్ అడ్రసు అడిగి ఊరుకునే పేజీలను ఒప్పుకోరట. ఈ పేజీ ఎవరిదో చెప్పాలి. ఏం పంపుతారో, ఎన్నాళ్ళకొకసారి పంపుతారో చెప్పాలి. తీసుకున్న అడ్రసులు ఏం చేస్తారో చెప్పాలి. వద్దనుకున్నవాళ్ళు ఎలా మానేయొచ్చో చెప్పాలి. చదువుతూ చదువుతూ మొదటి దగ్గరే ఆగిపోయాను. ఈ పేజీ ఎవరిది? పాఠాలు చెప్పేదెవరు? ఓరి దేవుడా, నన్ను ఇంత సూటిగా ఇంతకుముందు ఎవరడిగారు? రేషన్ కార్డు అడగలేదు, భార్య అని రాసుకుంది. చర్చిలో స్త్రీల సమాజం బ్యానరు మీద మిసెస్ శాంతికుమార్‌ని. నా చేత్తో కుట్టిన జాకెట్లు తొడుక్కున్నవాళ్ళు కూడా "కంప్యూటరు షాపాయన భార్య కుట్టింది" అనే చెప్పుకుంటారు. ఎక్కడో ముక్కూ మొహం తెలియని కంపెనీ, అందులో మనిషున్నాడో మిషనుందో కూడా తెలీదు, అది ససేమిరా అని కూర్చుంది. నువ్వెవరో చెప్తేగానీ ఒప్పుకోనంటోంది. నాకు దాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

అంతే, కరెంటు రాగానే పొయ్యి కట్టేసి షాపులోకి వెళ్ళాను. మావయ్యగారి గుండ్రం తీసేశాను. ఎరుపంతా తీసేశాను. తెల్లటి పేజీ మీద ముందు తెలుగులో, కింద ఇంగ్లీషులో రాశాను. "నేను షైనీ. అనకాపల్లిలో ఉంటాను. పదేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. ప్రతి శుక్రవారం ఒక పాఠం, బొమ్మతో సహా పంపుతాను. మీ అడ్రసు ఎవరికీ ఇవ్వను." షాపు చిరునామా, ఫోన్ నంబరు రాశాను. ఇక చివరిది. "పాఠాలు వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి, ఆ రోజుతో ఆగిపోతాయి. కారణం చెప్పనక్కర్లేదు." ఆ వాక్యం రాశాక వేళ్ళు ఆగిపోయాయి. కారణం చెప్పనక్కర్లేదు. నాకు ఒంట్లో బాగోక ఆదివారం కూటానికి వెళ్ళకపోతే కారణం చెప్పాలి. పుట్టింటికి వెళ్ళాలంటే కారణం చెప్పాలి, అదీ వాళ్ళకి నచ్చే కారణం. ఒక పూట వంట చెయ్యనంటే కారణం కాదు, జ్వరం చూపించాలి. అలాంటి నేను, ఎవరో ముక్కూ మొహం ఎరగని ఆడవాళ్ళకి, మీకు వద్దనిపిస్తే చాలమ్మా, వెళ్ళిపోండి అని మాటిస్తున్నాను. రాస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వూ వచ్చింది.

ఫోటో కావాలి. ఆ పూట ఇంట్లో ఉన్నది అత్తయ్య ఒక్కతే. "నాకు సేతకాదే బాబూ" అంటూనే కెమెరా లాక్కుంది. మొదటిదాంట్లో నా తల లేదు, రెండోదాంట్లో మొత్తం కుట్టుమిషనే. "కదలకే, కదలకు, ఊపిరాపు" అని నన్ను తిట్టి తిట్టి చివరికి ఒకటి మంచిది తీసింది. కుట్టుమిషను ముందు నేను, మెడలో టేపు, మొహం నిండా నవ్వు. అత్తయ్య దాన్ని కంప్యూటరులో చాలాసేపు చూసింది. "ఆడొచ్చేక గోల సేత్తాడే" అంది. చేస్తే చెయ్యనీ అత్తయ్యా, అన్నాను. "మరైతే పంపీ. సూత్తావేటి?" అంది. ఆమె నోటి నుంచి ఆ మాట వస్తుందని కలలో కూడా అనుకోలేదు. నొక్కేశాను.

ఆయన రాత్రి బస్సుకి అలిసిపోయి వచ్చారు. మళ్ళీ పంపించానని మాత్రం చెప్పాను. "తిరగ్గొడతారు, సూడు" అని పడుకున్నారు. ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో నన్నడక్కండి. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. ఒక శుభలేఖలో పెళ్ళికొడుకు పేరూ పెళ్ళికూతురు పేరూ తారుమారు చేశాను. ఎవరైనా జిరాక్సుకి రాగానే ఆ వంకన మెయిల్ తెరిచి చూడడం, మూయడం. శనివారం పొద్దున్న, ఒక చేతిలో చీపురు, రెండో చేతిలో మౌసు. తెరిచాను. మీ ప్రకటన ఆమోదించబడింది.

చీపురు ఎటు పోయిందో తెలీదు. "అత్తయ్యా! ఒప్పుకున్నారు!" అని నేను వేసిన కేకకి ఎదురు షాపు ఓనరు పరదేశి కూడా బయటికొచ్చి చూశాడు. అత్తయ్య పిండి చేతులతో పరిగెత్తుకొచ్చి నా రెండు బుగ్గలూ తెల్లగా చేసేసింది. మధ్యాహ్నానికి అడ్రసులు రావడం మొదలెట్టాయి. ఖరగ్‌పూర్ నుంచి ఒకామె, భిలాయి నుంచి ఒకామె, మస్కట్ నుంచి ఇద్దరు. వచ్చిన ప్రతిదీ టింగుమంటోంది, అన్నం తింటున్నదాన్ని ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళి చూస్తున్నాను. పేర్లు పైకి చదువుతుంటే అత్తయ్య "అదెక్కడే ఆ ఊరు?" అని అడగడం, నాకు తెలిసినట్టే చెప్పడం. ఇంత సంతోషం ఒంటికి మంచిదేనా అని భయం కూడా వేసింది.

సాయంత్రానికి మా ఆయన కూడా తబ్బిబ్బయిపోయారు. నా కుర్చీలో కూర్చుని అడ్రసులు ఒక్కొక్కటీ చూసి, "అబ్బో, అబ్బో" అన్నారు. అప్పుడు పేజీ తెరిచారు. మొహం మారింది. తర్వాత, పసిపిల్లకి నచ్చజెప్పే గొంతుతో, "సరే, ఎలాగూ అప్రూవయిపోయింది కదా. ఇంక పేరు మార్చీసి నాన్న ఫోటో పెట్టీనా? బయట జనం ఏటనుకుంతారు?" అన్నారు. మార్చితే మళ్ళీ చూస్తారండీ, ఖాతా పోతుంది, అన్నాను. "ఆళ్ళకేటి తెలుత్తాది" అని మౌసు పట్టుకున్నారు. ఆయన వేలి కింద నా పేరు నీలం రంగులోకి మారింది. ఒక్కసారి నొక్కితే పోతుంది.

టింగుమంది. నా పాత పాతికమందిలో ఒకామె రాసింది, అలవాటు కొద్దీ ఆయనే తెరిచి పైకి చదివారు. "షైనీగారూ, మీరు చెప్పినట్టే కోసి కుట్టాను. చెయ్యి ఎత్తితే చంక కింద ముడత పడుతోంది. రేపు మా ఇంట్లో పెళ్ళి. కొంచెం త్వరగా చెప్పగలరా?"

"రాయండి" అన్నాను.

"నేనేటి రాయను?"

"మావయ్యగారి పేరు పెడతానన్నారు కదా. ఆయన్ని పిలవండి మరి, ఆ ముడత ఎందుకొచ్చిందో చెప్తారు."

వరండాలో పేపరు చదువుకుంటున్న మావయ్యగారు అంతా వింటూనే ఉన్నట్టున్నారు. "నన్నెందుకురా అందులోకి లాగుతావు?" అని అరిచారు. "నా ఫోటో పెట్టమని నిన్నెవడడిగేడు? జాకెట్టు సంగతి నాకేటి తెలుసు!"

మా ఆయన లేచారు. కోపంగా లేవలేదు. ఎక్కడ నిలబడాలో తెలియని మనిషిలా లేచారు. నేను కూర్చున్నాను. ఆ ఖాతాకి ఇన్నాళ్ళూ పాస్‌వర్డ్ ఆయన పుట్టినరోజు. ముందు అది మార్చాను, తర్వాత ఆ పెళ్ళివారింటామెకి ముడత సంగతి రాయడం మొదలుపెట్టాను.

"పాస్‌వర్డ్ ఏటి పెట్టేవు?" అన్నారు వెనక నుంచి.

చెప్పలేదు.